మూడు ఆవులకు పాలు పితికే యంత్రం: 14 నెలల వాడకం తర్వాత

ఉద్యోగ విరమణ తర్వాత పాకాల దగ్గర మాకున్న రెండెకరాల్లో కొట్టం వేసుకుని, నేనూ నా భార్యా నాలుగు ఆవులను సాకుతున్నాము. వాటిలో మూడు జెర్సీ సంకర ఆవులు, ఒకటి పుంగనూరు ఆవు. మొదటి రెండేళ్లు పాలు చేత్తోనే పితికాము. రెండో ఏడు చివరికి నా కుడి చేతి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా పట్టేసి, కాఫీ గ్లాసు ఎత్తడానికి కూడా ఎడమ చేతిని వాడవలసి వచ్చింది. మనిషిని పెట్టుకుందామంటే మా పక్క ఊళ్లలో ఇంటింటికీ పాడి ఉంది కనుక, తెల్లవారుజామున ఐదు గంటలకు ఎవరి కొట్టంలో వారికే పని ఉంటుంది. ఆవులను అమ్మివేయడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. అందుచేత చిత్తూరులోని ఒక దుకాణంలో 46,000 రూపాయలు పెట్టి ఒక్క బకెట్ యంత్రాన్ని కొన్నాము. 14 నెలలుగా రెండు పూటలా వాడుతున్నాము కాబట్టి, మాలాగా పదవీ విరమణ చేసి రెండు మూడు ఆవులు పెట్టుకున్నవారికి పనికివస్తుందని ఈ అనుభవం వివరంగా రాస్తున్నాను.

యంత్రంలో ఒక హార్స్‌పవర్ మోటారు, దానికి బెల్టుతో తిరిగే వాక్యూమ్ పంపు (గాలిని లాగేది), ఆ లాగుడు బలాన్ని చూపే ఒక గేజి, లాగుడును ఆపి ఆపి అందించే పల్సేటర్, 25 లీటర్ల స్టీలు బకెట్, నాలుగు కప్పుల గుత్తి ఉన్నాయి. అన్నీ చక్రాల బండి మీద బిగించి ఉంటాయి కనుక నా భార్య ఒక్కతే దానిని ఒక ఆవు దగ్గర నుంచి ఇంకో ఆవు దగ్గరికి నెట్టగలదు. కప్పు లోపల ఉండే రబ్బరు గొట్టాన్ని లైనర్ అంటారు. అది తెరుచుకున్నప్పుడు పాలు వస్తాయి, మూసుకున్నప్పుడు చన్నును మెల్లగా నొక్కి అక్కడ నిలిచిన రక్తాన్ని కదిలిస్తుంది. మా యంత్రంలో ఇది నిమిషానికి 60 సార్లు జరుగుతుంది. ప్రతిసారీ నూటికి 60 వంతుల సమయం పాలు లాగడానికి, 40 వంతులు చన్నుకు విశ్రాంతికి. ఈ విశ్రాంతి భాగం సరిగా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఆవుకు బాధే కలిగిస్తుందని మేము కష్టపడి తెలుసుకున్నాము.

యంత్రాన్ని బిగించడానికి వచ్చిన దుకాణం కుర్రవాడు మా పెద్ద ఆవు గౌరికి కప్పులు తగిలించి, "సార్, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది చూడండి" అన్నాడు. నిజంగానే నాలుగు నిమిషాల్లో అయిపోయింది, మేమూ సంతోషించాము. గేజి ముల్లు ఎక్కడ ఉందో ఆ రోజు నేను చూడలేదు. నాలుగో రోజు నుంచి గౌరి కప్పులు చూడగానే వెనక కాలు ఎత్తడం మొదలుపెట్టింది. కొత్త శబ్దానికి బెదురుతున్నదని అనుకుని కాళ్లకు తాడు కట్టాము, అది ఈనాటికీ నన్ను బాధపెడుతున్న తప్పు. మా పక్క పొలం ఆమె ఒకరోజు వచ్చి, పొదుగు కిందికి వంగి చూసి, "ఏం సారూ, కాలు ఎగరేస్తా ఉందంటే దానికి నొప్పి అవుతా ఉంది, తాడు కడితే నొప్పి పోతుందా?" అని అడిగింది. అప్పుడు నేనూ వంగి చూశాను. చన్ను కొనన రంధ్రం చుట్టూ తెల్లగా, గట్టిగా ఒక వలయం కట్టి ఉంది. వేలితో తాకితే గరుకుగా తగిలింది. మూడు వారాలు తిరగకముందే వెనక కుడి చన్ను వైపు పొదుగు వేడెక్కి వాచింది, పాలలో తరకలు కనిపించాయి. పశువైద్యుడు వచ్చి చికిత్స చేశారు. మందు ప్రభావం పోయే వరకు ఆ ఆవు పాలు కేంద్రానికి పోయకుండా పారబోశాము.

వైద్యుడు ముందుగా చూసినది ఆవును కాదు, గేజిని. ముల్లు 55 కిలోపాస్కల్స్ మీద ఉంది. ఆవులకు ఇది 40 నుంచి 50 లోపల ఉండాలి. పాలు త్వరగా వచ్చినట్టు కనిపించాలని, బిగించిన రోజు దాన్ని పెంచి వదిలారని మాకు అర్థమైంది. దుకాణానికి ఫోన్ చేస్తే "అందరికీ అలాగే పెడతాము" అన్నారు. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో మాత్రం సరైన అంకె ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. కొనేవారు మొదటి రోజే ఆ పేజీ తెరిచి, బిగించే మనిషి ముందే ముల్లు సరిచేయించుకోవలసిందిగా కోరుతున్నాను. మేము 42కి తగ్గించాము. ఇప్పుడు గౌరికి ఆరు నిమిషాలు పడుతుంది. కాళ్లకు తాడు లేదు, నెమరు వేస్తూ నిలబడుతుంది.

రెండో తప్పు పూర్తిగా మాది. పాలు ఆగిపోయిన తర్వాత కూడా కప్పులు అలాగే ఉంచేవాళ్లం. చివరి చుక్క దాకా రావాలన్న ఆశ చేత్తో పితికేవారికి ఉండే అలవాటే కానీ, యంత్రం ఖాళీ చన్నును లాగుతూనే ఉంటుంది, హాని అక్కడే మొదలవుతుంది. గుత్తికి ఉన్న గాజు గిన్నెలో ధార సన్నబడగానే ముందుగా వాక్యూమ్ వాల్వు మూసి, ఆ తర్వాతే కప్పులు దించాలి. వాల్వు మూయకుండా గుంజితే చన్ను కొన దెబ్బతింటుంది.

కప్పులు తగిలించే ముందు చేసే పని కూడా అంతే ముఖ్యం. పొదుగు కడిగి, బట్టతో తుడిచి, ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లని గిన్నెలోకి చేత్తో తీస్తాము. నలుపు మీద తరకలు ఉంటే వెంటనే కనిపిస్తాయి. ఈ తుడవడం, పిండడం వల్లనే ఆవు చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. తాకిన నిమిషం తర్వాత చేపు వస్తుంది, ఆ బలం కొద్ది నిమిషాలే ఉంటుంది. తుడిచి వదిలేసి వేరే పనికి పోయి వస్తే ఆ సమయం దాటిపోతుంది. అరిచినా, కొట్టినా, కుక్క కొట్టంలోకి వచ్చినా ఆవు పాలు ఎగబెడుతుంది. చేపడానికి సూది వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ఆవుకు ద్రోహం, మేము దాని జోలికి పోము.

పాలు తీసిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, ముందు పచ్చగడ్డి వేస్తాము. చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది కనుక, అంతసేపు ఆవు పేడలో పడుకోకుండా మేస్తూ నిలబడితే మంచిది.

ఇక సమయం ఎంత కలిసివస్తుందన్న మాట. దుకాణంలో చెప్పినంత కాదు. చేత్తో మూడు ఆవులకు మాకు 45 నిమిషాలు పట్టేది. ఇప్పుడు పితకడానికి 20 నిమిషాలు, యంత్రం కడగడానికి 20 నిమిషాలు పడుతుంది. పాలు తాకిన ప్రతి గొట్టాన్నీ మొదట గోరువెచ్చని నీటితో తొలిచి, తర్వాత సోడా పొడి కలిపిన వేడి నీటితో బ్రష్ పెట్టి రుద్ది, మళ్లీ మంచినీటితో కడగాలి. మొదటనే మరిగే నీరు పోస్తే పాలలోని మాంసకృత్తులు గొట్టాలకు అంటుకుపోతాయి. వారానికి ఒకసారి ఆమ్లం కలిపిన నీటితో కడగకపోతే లోపల తెల్లని పొర పేరుకుంటుంది. ఈ పని ఒక్క పూట మానినా మరుసటి పూట పాలు విరిగిన వాసన వస్తాయి. కాబట్టి సమయం కోసం యంత్రం కొనాలనుకునేవారు మూడు ఆవులకు కొనవద్దు. నాలాగా చేతి కీళ్ల కోసం కొనేవారికి మాత్రం ఇది నిజమైన సహాయం. నా మణికట్టు నొప్పి మూడు నెలల్లో తగ్గింది.

లైనర్ల విషయంలో ఒక లెక్క చెప్పాలి. ఒక్కో లైనర్ 2,500 పితుకులు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అప్పటికి మార్చాలి. మాకు రోజుకు ఆరు పితుకులే, అంటే ఆరు నెలలకు 1,100 లోపే అవుతాయి. ఇంకా సగం కూడా వాడలేదు కదా అని మేము ఎనిమిదో నెల దాకా ఆగాము. విప్పి చూస్తే లోపలి రబ్బరులో సన్నని పగుళ్లు, వాటిలో పసుపు రంగు మడ్డి కనిపించాయి. కొద్ది ఆవులు ఉన్నవారికి లెక్క పితుకులతో కాదు, క్యాలెండర్‌తోనే. కొన్న దుకాణంలో లైనర్లు అడిగిన ప్రతిసారీ "వచ్చే వారం" అన్నారు. చివరకు తిరుపతిలో వేరే చోట అదే కొలతవి దొరికాయి. యంత్రం కొనే రోజే రెండు జతల లైనర్లు, ఒక పల్సేటర్ వాషర్ సెట్ కలిపి తీసుకోవడం మంచిది.

కరెంటు గురించి రెండు మాటలు. పొలం మోటార్ల కరెంటు తెల్లవారుజామున ఉండదు కనుక ఇంటి లైను నుంచే యంత్రానికి తీగ వేశాము. ఎర్తింగు తప్పనిసరి. తడి నేల మీద నిలబడిన ఆవు, మనకు తెలియనంత చిన్న లీకేజీని కూడా గ్రహించి బెదురుతుంది. కరెంటు పోయిన పూట చేతులే దిక్కు, కనుక చేత్తో పితికే అలవాటు మానలేదు.

యంత్రపు పనితనానికి ఐదులో నాలుగు, దుకాణం సేవకు ఐదులో ఒకటిన్నర ఇస్తాను. ఒక్క ఆవు ఉన్నవారికి ఇది అక్కరలేదు.

మా పుంగనూరు ఆవుకు దీనిని వాడము. దాని చన్నులు చిన్నవి, కప్పు సరిగా పట్టక గాలి కూత వేస్తుంది. పైగా దూడ వచ్చి మూతి పెట్టి పొడిస్తే తప్ప అది చేపదు. యంత్రం కడిగి బోర్లించిన తర్వాత నా భార్య చిన్న చెంబుతో దాని పక్కన కూర్చుంటుంది. రెండు చన్నులు దూడకు వదిలి, మిగిలిన రెండింటి నుంచి మా ఇంటి కాఫీకి సరిపడా పిండుకుంటుంది.