పాచి తినే చేపలు: ఏది పని చేసింది, ఏది ఊరికే మేసింది

"పాచి పడుతోందండీ" అని అక్వేరియం షాపులో అంటే చాలు, మాట పూర్తికాకముందే కవర్లో ఒక నల్లటి సక్కర్ ఫిష్ వేసి చేతిలో పెడతారు. ఏ పాచి, ఎంత ట్యాంకు, లోపల ఇంకేం చేపలున్నాయి అని అడిగే షాపతను నాకు ఇంతవరకు ఒక్కడే తగిలాడు. మాది విజయవాడ. ట్యాంకు మూడడుగులది, నిండా పోస్తే 150 లీటర్ల పైచిలుకు. అందులో బ్లాక్ స్కర్ట్ టెట్రాలు, ప్లాటీలు, ఒక జత ఏంజెల్స్, అడుగున కోరీలు (చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఉన్నాయి. మొక్కలంటే అనూబియాస్, జావా ఫెర్న్, వెనక వరసలో వాలిస్నేరియా. ఏళ్ల తరబడి ఇదే ట్యాంకులో పాచి తినే చేపల్ని రకరకాలవి పెంచాక రాస్తున్నాను.

ముందు మీకు పట్టింది ఏ పాచో చూసుకోండి. కొత్త ట్యాంకులో అద్దం మీద, ఆకుల మీద గోధుమరంగు పొడిగా పేరుకునేది డయాటమ్స్. వేలితో రాస్తే పోతుంది, చాలా చేపలు ఇష్టంగా తింటాయి. మెత్తటి పచ్చ పొర కూడా అంతే. అద్దానికి చుక్కలు చుక్కలుగా అతుక్కునే గట్టి పచ్చ పాచిని మాత్రం చేపలు పెద్దగా కదిలించలేవు, నేను పాత ఏటీఎం కార్డుతో గీకేస్తాను. అనూబియాస్ ఆకుల అంచుల వెంబడి నల్లగా కుచ్చులు కుచ్చులుగా వచ్చేది బ్లాక్ బియర్డ్. దాన్ని తినే చేపలు బహు తక్కువ. ఇక నీళ్లే ఆకుపచ్చగా మారినా, నీచు వాసనతో నీలిపచ్చ జిగురు పొర పరుచుకున్నా ఏ చేపా పనికిరాదు. ఆ జిగురు అసలు పాచే కాదు, బ్యాక్టీరియా.

సక్కర్ ఫిష్ సంగతి మొదట తేల్చేస్తాను. కొనేటప్పుడు రెండంగుళాలుంటుంది, అద్దానికి అతుక్కుని ముద్దుగా కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు పాచి బాగానే నాకుతుంది, కాదనను. కానీ ఇది అడుగు దాటి పెరిగే జాతి. ఎదిగేకొద్దీ పాచి మీద మోజు తగ్గి, మిగతా చేపలకి వేసిన మేత మీద పడుతుంది. రెట్ట సంగతి చెప్పక్కర్లేదు: పొద్దున్నే లైటు వేస్తే ఇసుక నిండా పొడుగాటి దారాలే. అదంతా కుళ్లి నైట్రేట్ పెరుగుతుంది, అంటే పాచి పోవాలని తెచ్చిన చేపే పాచికి ఎరువు వేస్తోందన్నమాట. తోక ఒక్కసారి విసిరిందంటే వాలిస్నేరియా వేళ్లతో సహా పైకి తేలుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు విసుగెత్తి తీసుకెళ్లి కాలువలోనో ఊరి చెరువులోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నదుల్లో, చెరువుల్లో పాతుకుపోయింది. వలలో పడితే రెక్కల ముళ్లతో వల చింపేస్తుంది. ఒళ్లంతా గట్టి పలకలే కాబట్టి కొనేవాడు ఉండడు. దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది దీన్నే. ఐదుకి ఒక మార్కు ఇస్తాను, అదీ పిల్లప్పటి పనికి. ఇప్పటికే పెరిగిపోయి ఉంటే పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇవ్వండి, లేదా షాపుకే తిరిగివ్వండి. కాలువలో మాత్రం వద్దు.

దీనికంటే మోసకారి ఇంకొకటుంది. బంగారు రంగులో సన్నగా మెరుస్తూ ఉండే గోల్డెన్ ఆల్గీ ఈటర్. చైనీస్ ఆల్గీ ఈటర్ అనేది కూడా ఇదే, రంగు ఒకటే తేడా. మా బావమరిది ట్యాంకులో దీని నిజస్వరూపం చూశాం. మొదట్లో బుద్ధిగా అద్దాలు నాకింది. నాలుగంగుళాలు దాటాక రాత్రిళ్లు ఏంజెల్ పక్క మీద అతుక్కోవడం మొదలుపెట్టింది. పొద్దున చూస్తే ఏంజెల్ ఒంటి మీద గుండ్రంగా, పొలుసులు లేచిపోయిన తెల్లటి మచ్చ. దీనికి మొప్ప మూత పైభాగంలో నీళ్లు పీల్చుకోవడానికి వేరే రంధ్రం ఉంటుంది కాబట్టి నోరు వదలకుండానే ఊపిరి ఆడుతుంది, ఎంతసేపైనా అలా పట్టుకునే ఉండగలదు. వెడల్పాటి, నెమ్మదైన చేపలంటే దానికి మరీ లోకువ: ఏంజెల్స్, డిస్కస్, గోల్డ్ ఫిష్. అమ్మిన షాపులో అడిగితే "చిన్న చేపే కదా సార్" అన్నారట. ఇది సున్నా.

మా ట్యాంకులో స్థిరపడింది బ్రిసిల్‌నోస్ ప్లెకో. సక్కర్ ఫిష్‌కి దగ్గరి చుట్టమే అయినా ఐదంగుళాల దగ్గర ఆగిపోతుంది. రాత్రి లైటు ఆర్పాక టార్చి వేసి చూడండి, అద్దం మీద నోరు ఆనించి, సన్నటి పళ్లతో గీకుతూ వరసగా కిందికి దిగుతుంది. అది దిగినంత మేర శుభ్రమైన దారి మిగులుతుంది. బయటనుంచి చూస్తే నోరు తెరిచి మూసే లయ కూడా కనిపిస్తుంది, మా పిల్లలకి అదో కాలక్షేపం. మగదానికి ముక్కు మీద కొమ్మలు వేసిన మీసాలు మొలుస్తాయి, ఆడదానికి మీసాలు ఉండవు, ఉన్నా మూతి అంచున చిన్నవి కొన్ని. రెండు మగవి చిన్న ట్యాంకులో పడవు. డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో వేసే చెట్టు మొద్దు) ముక్క ఒకటి తప్పనిసరి, దాన్ని రోజూ గీకుతూనే ఉంటుంది. వారానికోసారి కీరా ముక్క ఫోర్కుకి గుచ్చి అడుగున పెడతాను, మర్నాటికి తొక్క ఒకటే మిగులుతుంది. ఆ మిగిలినది పొద్దున్నే తీసేయాలి, మన ఎండలకి తొందరగా కుళ్లుతుంది.

లోపం ఏమిటంటే పగలు కనిపించదు. చేపని చూడాలని కొనేవాళ్లకి నిరాశే. పైగా ఇదీ సక్కర్ ఫిష్ కుటుంబమే, రెట్ట తక్కువేం కాదు. బ్లాక్ బియర్డ్ జోలికి పోదు. అయినా ఐదుకి నాలుగున్నర. అల్బినో రకాలు మన షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి, ధర సక్కర్ ఫిష్ కంటే ఎక్కువ.

ఒటోసింక్లస్ మీద నాకు ప్రేమా ఉంది, బెంగా ఉంది. అంగుళంన్నర చేప. ఆకు పాడవకుండా రెండువైపులా తుడిచే పనిలో దీన్ని మించింది నేను చూడలేదు. జావా ఫెర్న్ ఆకు మీద నాలుగు వరసగా కూర్చుని మేస్తుంటే ఆ గోధుమ పొర గంటల్లో మాయమవుతుంది. ఏ చేపనీ ముట్టుకోదు. కానీ ఇవి ఎక్కువగా అడవి వాగుల్లో పట్టి తెచ్చినవి. ఎగుమతి, హోల్‌సేలు, లోకల్ షాపు అని చేతులు మారేసరికి తిండి లేక నీరసించి ఉంటాయి. తెచ్చిన కొద్ది రోజుల్లోనే కొన్ని పోవడం మామూలు. అందుకే షాపులో అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడాలి. గుండ్రంగా ఉంటే తీసుకోండి, లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. వచ్చిన రోజునే కొనకుండా, షాపులో ఒక వారం బతికాక కొనడం ఇంకా మంచిది. కొత్త ట్యాంకులో వేస్తే ఆకలితో పోతాయి, పొర పట్టిన పాత ట్యాంకే కావాలి. కనీసం అరడజను ఉంటేగానీ ధైర్యంగా తిరగవు.

ఇంకో అడ్డంకి మన వేసవి. వీటికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. మే నెలలో బెజవాడలో ట్యాంకు నీళ్లు 32 దాటేస్తాయి. మూత తీసి, నీటి మీదకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కాకపోతే రోజూ నీళ్లు పోస్తుండాలి. ఏసీ గదిలో ట్యాంకున్నవాళ్లకి ఐదుకి ఐదు. మిగతావాళ్లకి మూడు.

బ్లాక్ బియర్డ్ బాధ ఉన్నవాళ్లకి ఒకటే దారి, సయామీస్ ఆల్గీ ఈటర్. ఆ పేరుతో వేరే చేపలు అంటగడతారు కాబట్టి తోక చూసి కొనాలి. అసలుదానికి నల్ల గీత ముక్కు నుంచి మొదలై తోక రెక్క చివరిదాకా పోతుంది, రెక్కలకి రంగు ఉండదు. గీత తోక మొదట్లోనే ఆగిపోతే వేరే జాతి. గీత పైన సన్నటి బంగారు గీత, రెక్కలకి రంగు అంచులు ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్, పెద్దయ్యాక మిగతావాటిని తరుముతుంది. అసలుది ఆకు మీద పొట్ట కింది రెక్కలు, తోక ఆనించి కూర్చుంటుంది, ఈదడం ఆపితే కిందికి జారుతుంది. మా అనూబియాస్ అంచులు మళ్లీ పచ్చగా కనిపించింది దీని పుణ్యమే. కాకపోతే మేత తగ్గించినప్పుడే పని చేసింది. పెల్లెట్లు దండిగా పడుతుంటే పాచి వైపు చూడదు, వయసు పెరిగేకొద్దీ మరీ బద్ధకం. ఆరంగుళాల దాకా పెరుగుతుంది, గెంతుతుంది, మూత ఉండాల్సిందే. మూడడుగుల ట్యాంకుకి నాలుగు మార్కులు, అంతకంటే చిన్నదానికి వద్దు.

మోలీలు, రోజీ బార్బులు దారపు పాచిని కొరుకుతాయి. ఎలాగూ పెంచుకునే చేపలే కాబట్టి అది అదనపు లాభం. నెరైట్ నత్తలు అద్దం మీద బ్రహ్మాండంగా పని చేస్తాయి, మంచినీళ్లలో పిల్లలు కావు. డ్రిఫ్ట్‌వుడ్ మీద నువ్వుగింజల్లాంటి తెల్లటి గుడ్లు మాత్రం అంటించి పోతాయి, గోటితో గీకినా రావు. నత్తలున్న ట్యాంకులో రాగి కలిసిన మందులు వేయకూడదు.

ఏ చేప తెచ్చినా లైటు రోజుకి ఏడు గంటలు మించకపోవడం, కిటికీ ఎండ ట్యాంకు మీద పడకపోవడం, వారానికి పావు వంతు నీళ్లు మార్చడం చూసుకోవాలి. నేను లైటుకి టైమరు పెట్టిన తర్వాతే చేపల పని సగానికి తగ్గింది.

మూడడుగుల ట్యాంకుకి నేనైతే ఒక బ్రిసిల్‌నోస్, రెండు నెరైట్లు అంటాను. నల్ల కుచ్చులుంటే సయామీస్‌ది కూడా వేసుకోవచ్చు. రెండడుగులదైతే, అంటే 50, 60 లీటర్లదైతే, నత్తలు చాలు, ఇల్లు చల్లగా ఉంటే ఒటోలు. బల్ల మీద పెట్టుకునే గాజు బౌలుకి మాత్రం పాచి తినే చేపే వద్దు, స్పాంజితో తుడిస్తే రెండు నిమిషాల పని.