పూజగదికి కలంకారీ పటమా, డిజిటల్ ప్రింటా?

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది.

ఖర్చు: ప్రింట్ వందల్లో వస్తుంది. శ్రీకాళహస్తిలో బట్టమీద చేత్తో గీసే కలంకారీ పటానికి వేలు పెట్టాలి.

సమయం: ప్రింట్ రేపటికి ఇంటికొస్తుంది. కలంకారీకి మాత్రం బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుము-బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీసి, మళ్లీ మళ్లీ ఉతకాలి కాబట్టి వారాలు ఆగాల్సిందే.

రిస్క్: ప్రింట్ల కోసం ఏఐతో గీయించిన బొమ్మల్లో వేళ్లూ ముద్రలూ తప్పొచ్చు, ఆయుధాలు చేతులు మారొచ్చు. కలంకారీ పేరుతో మిల్లు ప్రింట్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు, బట్ట తిప్పి వెనక వైపు కూడా చూడండి.

భక్తి మాటకొస్తే, ప్రింట్‌ని నేను తక్కువ చేయను. 1894లో చిత్రకారుడు రవివర్మ పెట్టిన ప్రింటింగ్ ప్రెస్ వల్లే గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లలోకీ లక్ష్మీ సరస్వతుల పటాలు చేరాయి. 2015లో కంప్యూటర్‌లో గీసిన కోపపు హనుమంతుడు కార్ల అద్దాలెక్కాడు. రాముడి పాదాల దగ్గర మోకరిల్లిన దాసుడికంటే ఒంటరిగా నిలబడే బలవంతుడే ఇప్పటి కుర్రాళ్లకు దగ్గరయ్యాడు, అది నాకు కొంచెం బాధే.

అద్దె ఇల్లు, చిన్న అలమర అయితే మంచి ప్రింట్ చాలు. సొంత గోడ ఉండి, పిల్లలకు రామాయణం బొమ్మబొమ్మగా చెప్పాలనుంటే కలంకారీ తీసుకోండి.