జాగ్రత్త: ఏడాదికి 1,200కే అన్ని ఓటీటీలూ అంటున్న ఆ కుర్రాడి దగ్గర కొనకండి

ఆ పోస్టు మీరూ చూసే ఉంటారు. కోనసీమ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతూనే ఉంది. పసుపు రంగు బ్యాక్‌గ్రౌండ్, అరడజను యాప్‌ల బొమ్మలు, కింద "సంవత్సరమంతా పూచీ మాది". రాజోలు, మలికిపురం వైపు చాలామంది అతని దగ్గరే కొన్నారు. నాకు చెప్పిందీ వాళ్ళే. డబ్బు కొట్టాను, ఐడీ పాస్‌వర్డ్ వచ్చాయి, కొన్నాళ్ళు నడిచింది. ముందు కథ ఇంతే, అసలు సంగతికి వస్తాను.

మా ఇంట్లో ఫైట్ల సినిమా పెడితే అమ్మ లేచి వంటింట్లోకి పోతుంది. "ఇది నిజంగా జరిగిందమ్మా" అంటే మాత్రం కదలదు. అందుకని ఆ ఖాతాలో చూసినవన్నీ దాదాపు ఆ రకమే. ట్వెల్త్ ఫెయిల్ సినిమాలో అందరూ చివరి ఇంటర్వ్యూ గురించి మాట్లాడతారు గానీ, ఐపీఎస్ అవ్వాలనుకునే ఆ అబ్బాయి పిండిమరలో పనిచేస్తూ చదువుకునే భాగమే నాకు ఎక్కువ నచ్చింది. మంజుమ్మెల్ బాయ్స్ కూడా బాగుంది. 2006లో కొడైకెనాల్ గుణ గుహల దగ్గర జరిగిందే కదా. స్నేహితుడు గోతిలో పడ్డాడురా బాబూ అని పరిగెత్తుకెళ్తే పోలీసులు వాళ్ళనే అనుమానించి కొట్టడం చూసి మా ఇంట్లో అందరికీ ఒళ్ళు మండింది. కేరళ వరదల మీద తీసిన "2018" అనే సినిమా మొదట్లో సాగదీసినట్టుంది. నీళ్ళు ఇళ్ళలోకి రావడం మొదలయ్యాక నాన్న టీవీ వైపు చూడటం మానేసి 86 ఆగస్టు గోదావరి వరద గురించి చెప్పడం మొదలెట్టారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడాది అది. లంక ఊళ్ళ వాళ్ళకి వేరే సినిమా అక్కర్లేదు. మన వరద మీద, 96 నవంబరు తుఫాను మీద అలాంటి సినిమా మనవాళ్ళు ఎందుకు తీయరో నాకర్థం కాదు. సరే, అది వేరే గొడవ.

అమ్మకి అన్నిటికన్నా నచ్చింది ఏనుగుల డాక్యుమెంటరీ, ద ఎలిఫెంట్ విస్పరర్స్. 2023లో ఆస్కార్ వచ్చింది చూడండి, అది. ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లీ అనే దంపతులు తల్లిలేని ఏనుగు పిల్లని సాకుతారు. గంట కూడా ఉండదు. "వీళ్ళు ఎవరు, కొత్త యాక్టర్లా?" అంది అమ్మ. కాదమ్మా, వాళ్ళే వాళ్ళు అన్నాను. సినిమా వాళ్ళు చివర్లో అసలు మనుషుల ఫోటోలు వేసి మన చేత కన్నీళ్ళు పెట్టిస్తారు. ఇక్కడ ఆ అవసరమే లేదు.

ఇక ఆ రాత్రి. ద గోట్ లైఫ్ పెట్టాను. పృథ్వీరాజ్ నటించిన మలయాళ సినిమా, తెలుగులో ఉంది. పని కోసం సౌదీ వెళ్ళి, ఎడారిలో మేకలు కాస్తూ బందీ అయిపోయిన నజీబ్ అనే మనిషికి నిజంగా జరిగిన కథ. కేరళలో ఏటి ఒడ్డు ప్రేమ సీన్లు కాస్త తగ్గించుంటే బాగుండేది అనిపించింది గానీ, ఎయిర్‌పోర్టు దగ్గర ఎవడో వచ్చి తనే యజమానిలా ఎక్కించుకుపోయే చోటి నుంచి అమ్మ రెప్ప వేయలేదు. ఎందుకో రాజోలు వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో పెట్టి ఏళ్ళ తరబడి ఉండిపోయింది. అక్కడేం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రి మాత్రం అమ్మ తనంతట తనే "దానికీ ఇలాగే అయ్యుంటుందా?" అంది. తెర మీద నజీబ్, అతనితో పాటు సౌదీ వెళ్ళిన హకీమ్ తప్పించుకుని ఎడారిలో నడుస్తున్నారు. హకీమ్ దాహానికి పిచ్చెక్కిపోతున్నాడు.

స్క్రీన్ ఆగిపోయింది. పాస్‌వర్డ్ మారింది, మళ్ళీ లాగిన్ అవ్వమంది.

వెంటనే ఫోన్ చేశాను. కొన్నప్పుడు ఇదే మనిషి "ఆయ్, మనూరోళ్ళని మోసం చేస్తానా అన్నయ్యా" అన్నాడు. ఇప్పుడు ఎత్తగానే "ఎవరండీ?" అన్నాడు. విషయం చెప్పాను. కొత్త ఖాతా కావాలంటే ఇంకో ఆరొందలు అన్నాడు. సంవత్సరం పూచీ అన్నావు కదయ్యా, అమ్మ సగంలో చూస్తూ ఆగిపోయింది అన్నాను. అప్పుడన్నాడు చూడండి, ఇప్పటికీ చెవిలో మోగుతోంది: "పన్నెండొందలకి ఎడారి మొత్తం చూపించాలా ఏంటండీ? మీ అమ్మగారికి ఏదో సీరియల్ పెట్టండి, ఊరుకుంటారు."

స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ పక్కనే ఉంది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. పన్నెండొందలు పోతే పోయాయి, పులస ముక్క కూడా రాదు ఆ డబ్బుకి. మా అమ్మని ఆ మాట అనడానికి వీడెవడు? నేను తిట్టే లోపు పెట్టేశాడు. కాసేపటికి పెద్ద మనసు చేసుకుని "రీఫండ్" అని క్యూఆర్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొడితే నాకే డబ్బు వస్తుందట! ఫోన్ మోసాల మీద తీసిన జామతారా సిరీస్ మొత్తం చూసినవాణ్ణి బాబూ, అక్కడ మాత్రం దొరకలేదు. పిన్ కొట్టనని మెసేజ్ పెడితే బ్లాక్ చేశాడు. అయినా నా తెలివి గురించి మీరేమీ పొగడక్కర్లేదు. ప్రైవేటు విమానంలో తిప్పి అమ్మాయిల్ని ముంచినవాడి డాక్యుమెంటరీ ద టిండర్ స్విండ్లర్ చూస్తూ "చదువుకున్న అమ్మాయిలు, వాడి శత్రువుల కథ నమ్మి అప్పులు చేసి మరీ డబ్బు ఎలా పంపారు?" అని సోఫాలో కూర్చుని నవ్విన మహానుభావుణ్ణి నేను. నన్ను బుట్టలో వేయడానికి ప్రైవేటు విమానం కూడా అక్కర్లేకపోయింది, ఒక "అన్నయ్యా" సరిపోయింది.

వీళ్ళ పద్ధతి తర్వాత తెలిసింది. నాలుగు స్క్రీన్ల ప్లాన్ ఒకటి కొని పదిమందికి అమ్ముతారు. ఓటీపీ వాళ్ళ నంబరుకే వెళ్తుంది, కాబట్టి తాళం ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే. ఇంకో బ్యాచ్ దొరికితే పాస్‌వర్డ్ మార్చి మనల్ని బయటికి తోస్తారు. మన ప్రొఫైల్ పక్కన ఎవరో "లక్కీ మమ్మీ", "చింటు బాస్" కనిపించినప్పుడే అర్థమవ్వాల్సింది.

ఏం చేయాలంటారా? నెలకైనా సరే, మీ నంబరుతో మీరే యాప్‌లో తీసుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి. ఇప్పటికే డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, చాట్ డిలీట్ చేయకండి. నేను ఫిర్యాదు పెట్టాను.

అతని నంబరు ఇక్కడ పెట్టడం లేదు, రోజుకో సిమ్ మారుస్తాడు ఎలాగూ. ఆ పసుపు పోస్టు మీ గ్రూపులో కనిపిస్తే అడ్మిన్‌కి చెప్పి తీయించండి.