బొమ్మల పనికి ముద్ర లోను: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది కొండపల్లి బొమ్మల పని. ముద్ర (చిన్న వ్యాపారాలకి కేంద్ర పథకం కింద బ్యాంకులిచ్చే లోను) తీసుకోమంటావా, విశ్వకర్మకి (చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన పథకం) పెట్టుకోమంటావా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ముద్ర పనికొస్తుంది, కాకపోతే మాలాంటి పనికి టర్మ్ లోనుగా (నెలనెలా వాయిదా కట్టేది) కాదు, సీసీగా (క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి లోపు కావలసినప్పుడు తీసుకుని, చేతికొచ్చినప్పుడు వేసే ఖాతా) పెట్టించుకుంటేనే. అయిదుకి మూడున్నర ఇస్తాను.

మా డబ్బు తిరిగే తీరు వేరండి. తెల్ల పొణికి కర్ర కొని, ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కు పెట్టి తలలూ తొండాలూ అతికించి, సుద్ద పూసి రంగులేసేసరికి నెలలు గడిచిపోతాయి. అమ్మకాలు మాత్రం దసరాకి ఊపందుకుని సంక్రాంతి బొమ్మల కొలువులతో సద్దుమణుగుతాయి. టర్మ్ లోను వాయిదాకి ఈ సంగతి పట్టదు, నెల తిరిగేసరికి కట్టాల్సిందే. మొదట తీసుకున్న ముద్ర శిశు లోను (50 వేల లోపు ఇచ్చేది) అలాగే కట్టాను. ఎండాకాలంలో వాయిదా డబ్బు కోసం అంబారీ ఏనుగుల్ని షాపాయన అడిగిన రేటుకే ఇచ్చేయాల్సి వచ్చేది, దసరా దాకా ఆగితే అవే మంచి ధర పలికేవి.

అది తీర్చేశాక ముద్రలోనే పై మెట్టు, కిశోర్ కింద సీసీ అడిగాను. కిశోర్‌లో 50 వేల పైన 5 లక్షల దాకా ఇస్తారు. కర్ర లోడు దిగినప్పుడు తీసుకుంటాం, కొలువుల సీజన్‌లో వచ్చింది వచ్చినట్టు వేసేస్తాం, వాడుకున్నదానికే వడ్డీ. హాయిగా ఉంది. కాకపోతే నెలనెలా పడే వడ్డీ మాత్రం కట్టేయాలి, 90 రోజులు ఖాతాలో ఏమీ జమ పడకపోతే ఎన్‌పీఏలో (మొండి బాకీల్లో) పడేస్తారు, ఆపైన సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చెప్పే స్కోరు) చూసి ఎవరూ దగ్గరికి రానివ్వరు. స్టాకు స్టేట్‌మెంటు (చేతిలో ఎంత సరుకుందో బ్యాంకుకి రాసిచ్చే లెక్క) ఒక తలనొప్పి. ఒకసారి బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు ఇంటికొచ్చి అటక మీద ఆరుతున్న కర్రనీ, గోడవారగా తలల్లేకుండా నిలబెట్టిన దశావతారాలనీ చూసి "స్టాకు ఎక్కడండీ?" అన్నాడు. అప్పట్నుంచి కర్ర, సగం పని అయినవి, రంగు పూర్తయినవి అని మూడు లెక్కలుగా రాసిస్తున్నా, ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

సీసీ అడిగినప్పుడు మొదట మా బ్రాంచిలో తాకట్టుగా ఎఫ్‌డీ వేస్తే చూద్దామన్నారు. చిన్న పరిశ్రమలకిచ్చే 10 లక్షల లోపు లోనుకి తాకట్టు అడగకూడదని అప్పటికే రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. సరే, అదేదో కాగితం మీద రాసివ్వండి అన్నాను, మళ్లీ ఆ మాటెత్తలేదు. కానీ శాంక్షన్ చేతికొచ్చేసరికి కర్ర కొనే అదను దాటిపోయింది.

ఇక పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఉంది. మా బావమరిది తీసుకున్నాడు. శిక్షణలో రోజుకి 500, పనిముట్లకి 15 వేల వోచరు, ఆపైన 5 శాతం వడ్డీకి లక్ష. అంత తక్కువ వడ్డీకి మామూలుగా బయట పుట్టదు, నిజమే. అయితే ఆ లక్ష 18 నెలల్లో తీరాలి, అంటే నెలకి దాదాపు 5,800. కుట్టుపనివాళ్లకి, క్షౌరం చేసేవాళ్లకి రోజూ నాలుగు డబ్బులు కనిపిస్తాయి కాబట్టి కష్టం లేదు, మాకు మళ్లీ పాత కథే. పైగా ఇంటికి ఒక్కరికే. ముద్ర బాకీ నడుస్తుంటే ఇవ్వరు, పూర్తిగా తీర్చేశాక పెట్టుకోవచ్చు.

పీఎంఈజీపీ (కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకి లోనుతోపాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) సబ్సిడీ పెద్దదని ఆశపడేవాళ్లకి ఒక మాట: అది ప్రధానంగా కొత్త యూనిట్లకి. ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు, మీ పేరున మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది.

అమ్ముడుపోయేది కాని పనికి, అంటే పాత బొమ్మల నమూనాలు గీసి దాచాలనో, నాటకం వేయాలనో అనుకుంటే, దయచేసి లోను జోలికి పోకండి. దేంతో కడతారు? బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అని ఉంది, కళల పరిశోధనకి, ప్రయోగాలకి గ్రాంటు ఇస్తుంది, ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్పులూ ఉన్నాయి, జూనియర్‌కి నెలకి 10 వేలు, సీనియర్‌కి 20 వేలు, రెండేళ్లపాటు. ఎంపిక మాత్రం నెలల తరబడి సాగుతుంది, ఆ డబ్బు వస్తుందని నమ్మి ముందే ఖర్చు పెట్టొద్దు.

"ముద్ర ఆఫీసు నుంచి" అంటూ ఫోన్ చేసి ప్రాసెసింగ్ ఫీజు అడిగేవాళ్లకి రూపాయి ఇవ్వకండి. ముద్ర సంస్థ నేరుగా మనలాంటివాళ్లకి లోను ఇవ్వదు, బ్యాంకుల్లాంటి సంస్థలకే ఇస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) కూడా పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుంటే ఫోన్‌లోనే అయిపోతుంది. బ్యాంకుకి వేసవిలో కాదు, సంక్రాంతి అమ్మకాలు ఖాతాలో కనిపిస్తున్నప్పుడు, ఫిబ్రవరిలో వెళ్లండి.