వైన్ ట్యూబులు: సిలికాన్, పీవీసీ రెండూ ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో ద్రాక్ష వైన్ పెట్టేవాళ్లు పండు మీద, ఈస్ట్ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ట్యూబు మీద పెట్టరు. వైన్ పులిసిపోతే పండు మంచిది కాదంటారు, ఎండలు ఎక్కువంటారు. నిజానికి మడ్డి వదిలి తేట దించిన ప్రతిసారీ వైన్ మొత్తం ఆ ట్యూబులోంచే పోతుంది. అందులో పట్టిన జిగురు కంటికి కనబడదు. ముఖ్యంగా విశాఖలో తడి ట్యూబు చుట్టి గూట్లో పెడితే అది దానంతటది ఆరదు.

ఈ సమీక్ష రెండు రకాల గురించి. ఒకటి ఫుడ్ గ్రేడ్ పారదర్శక పీవీసీ, రెండోది ప్లాటినం క్యూర్డ్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపరిచిన) సిలికాన్. రెండూ లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, బయట 12, పొడవు 2 మీటర్లు. 20 లీటర్ల జాడీకి ఈ కొలత సరిపోతుంది. వాటర్ ఫిల్టర్‌కి వాడే తెల్లని పావు అంగుళం ట్యూబు ఫుడ్ గ్రేడే గానీ లోపల 4 మిల్లీమీటర్లే ఉంటుంది. జాడీ ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ వైన్‌కి గాలి తగులుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో తాపీ మేస్త్రీలకి అమ్మే లెవెల్ పైపు చూడ్డానికి పీవీసీ ట్యూబులాగే ఉంటుంది, చవక కూడా. అది తినే వస్తువుల కోసం చేసింది కాదు, వద్దు. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్, ల్యాబ్ సామాన్ల షాపుల్లో అడిగేటప్పుడు కూడా ‘రబ్బరు ట్యూబు’ అనకండి. లేటెక్స్ ఇస్తారు, దాని వాసన వైన్‌లోకి దిగుతుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తే, ఈ ఊరికి సిలికానే మేలు. ధర పీవీసీకి రెండు మూడు రెట్లు ఉన్నా సరే. కారణం ఒక్కటే, దాన్ని మరిగించవచ్చు. సిలికాన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, పది నిమిషాలు మరిగే నీళ్లలో వేసినా ఏమీ కాదు. మెత్తని పీవీసీకి 60 డిగ్రీలు దాటితే కష్టం. ఆకారం పోతుంది, జాయింటు దగ్గర సాగిపోతుంది.

సిలికాన్‌కీ లోపాలున్నాయి. గోడ 2 మిల్లీమీటర్ల కంటే పలచగా ఉంటే జాడీ మూతి దగ్గర మడత పడి ధార ఆగిపోతుంది. తడిస్తే జారుతుంది, అందుకే ర్యాకింగ్ కేన్ (ట్యూబు చివర తగిలించి జాడీలోకి దించే గట్టి గొట్టం) మీద క్లిప్పు లేకుండా నిలవదు. క్లిప్పు ప్లాస్టిక్‌ది గానీ 304 స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ తీసుకోవాలి. మామూలు ఇనుప క్లిప్పు బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో ఒక్క వర్షాకాలానికే తుప్పు పడుతుంది. సిలికాన్ గోడలోంచి ఆక్సిజన్ కూడా సులువుగా దూరుతుంది. వైన్ దించే పది, పదిహేను నిమిషాలకి అది లెక్కలోకి రాదు గానీ, ఎయిర్‌లాక్‌కి (లోపలి గ్యాసుని పోనిచ్చి బయటి గాలిని రానివ్వని బిగింపుకి) కలిపి నెలల తరబడి ఉంచే పైపుగా మాత్రం సిలికాన్ వాడకూడదు. ఇంకొకటి, వాసనలు పీల్చుకుంటుంది. వెనిగర్‌కి, కొంబుచాకి వాడిన ట్యూబు వైన్‌కి ముట్టించకండి. ఎంత మరిగించినా వాసన పూర్తిగా పోదు, వేరే ట్యూబు ఉండాల్సిందే.

పీవీసీ సంగతి వేరు. కొత్తలో కేన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, అద్దంలా కనిపిస్తుంది, మడ్డి రావడం మొదలవగానే తెలుస్తుంది. కానీ దాన్ని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. వైన్‌లోని ఆల్కహాల్, వేడి నీళ్లు, క్షారం అన్నీ కలిసి దాన్ని కొద్దికొద్దిగా లాగేస్తాయి. గోడ బిరుసెక్కుతుంది, చివర సాగి వదులవుతుంది. అసలు నష్టం అక్కడే. వదులైన జాయింటు దగ్గర వైన్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. సైఫన్ (పై జాడీలోంచి కింది జాడీలోకి ట్యూబులో దానంతటదే పారే ధార) నడిచేటప్పుడు పై భాగంలో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ, అందుకే. కేన్ దాటాక ట్యూబులో సన్నని బుడగల వరస ఆగకుండా కనబడుతుంటే జాయింటు గాలి పీలుస్తోందని అర్థం. కొన్ని నెలలకి వైన్ గోధుమ రంగుకి తిరుగుతుంది. అప్పుడు ట్యూబుని ఎవరూ అనుమానించరు.

దీన్ని పట్టుకోవడం తేలిక. వైన్ దించడానికి ముందు బకెట్ నీళ్లతో ఒకసారి సైఫన్ నడపండి. బుడగలు వస్తే చివరి 3 సెంటీమీటర్లు కొత్త బ్లేడుతో అడ్డంగా, సమంగా కోసేయండి. కోసిన చివరని 50 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, మెత్తబడగానే కేన్ మీదకి 2 సెంటీమీటర్లు ఎక్కించండి. అలా రెండు మూడుసార్లు కోసేసరికి పీవీసీ ట్యూబు పని అయిపోయినట్టే, మార్చేయాలి. ఏటా ఒక సీజన్‌కి ఒక ముక్క లెక్కన కొనుక్కుంటే ఏ గొడవా లేదు.

ఇక కడగడం. వైన్ దించిన వెంటనే మామూలు నీళ్లు రెండు లీటర్లు పారించాలి. ఎండనిస్తే పండు గుజ్జు, ఈస్ట్ గోడకి అంటుకుంటాయి, ఆ తర్వాత పని మూడింతలవుతుంది. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో 4 గ్రాముల సోడియం పెర్కార్బొనేట్ కలిపి ట్యూబు నిండా పట్టి 20 నిమిషాలు ఉంచాలి. అది దొరక్కపోతే వాషింగ్ సోడా 5 గ్రాములు. 8 మిల్లీమీటర్ల ట్యూబు 2 మీటర్లకి పట్టేది 100 మిల్లీలీటర్లే, కాబట్టి అర లీటరు ద్రావణం ఎక్కువే అవుతుంది. రాత్రంతా నానబెడితే ఇంకా శుభ్రపడుతుందనుకోకండి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే పెర్కార్బొనేట్, సోడా దాన్ని తెల్లని పొరగా గోడ మీద దించేస్తాయి. ఆ పొర కిందే సూక్ష్మజీవులు దాక్కుంటాయి. పొర పడిందంటే లీటరుకి 10 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పది నిమిషాలు ఉంచితే కరిగిపోతుంది.

లోపల జిగురు పట్టిందనిపిస్తే బ్రష్ కంటే గుడ్డ నయం. నైలాన్ బ్రష్ పీవీసీ లోపల గీతలు పెడుతుంది, మళ్లీ ఆ గీతల్లోనే జిగురు చేరుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే నైలాన్ దారం ట్యూబు కంటే బారెడు ఎక్కువ తీసుకుని, ఒక చివర చిన్న దూది ముక్క కట్టి నీటి ధారతో ట్యూబులోకి తోయండి. అవతల దారం దొరికాక, ఇవతలి చివర గాజుగుడ్డ ముక్క ముడివేసి లాగండి. గుడ్డ మీద జిగటగా ఏదైనా వస్తే ఇంకోసారి సోడా నీళ్లు.

బ్లీచింగ్ మాత్రం వద్దే వద్దు. క్లోరిన్ ప్లాస్టిక్‌లోకి దిగుతుంది. ఫినాల్స్‌తో, బూజుతో కలిస్తే టీసీఏ అనే పదార్థం తయారవుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన దానిదే, వైన్‌లో ఎంతో సూక్ష్మ మోతాదు చేరినా ముక్కుకి తెలుస్తుంది. కుళాయి నీళ్లతో కడగడానికి భయపడక్కర్లేదు గానీ, ఆ నీళ్లు ట్యూబులో నిలవ ఉంచకండి.

క్రిమిసంహారం వాడే ముందే చేయాలి, కడిగిన రోజున చేసి గూట్లో పెడితే లాభం లేదు. కేఎంఎస్, అంటే పొటాషియం మెటాబైసల్ఫైట్, 10 గ్రాములు, నిమ్మ ఉప్పు 10 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి ట్యూబు నింపి పది నిమిషాలు ఉంచండి. ఆమ్లం లేనిదే కేఎంఎస్ సరిగా పనిచేయదు, అందుకే నిమ్మ ఉప్పు. ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరిచి చేయాలి, ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. తర్వాత దులపడం చాలు. 5 మిల్లీలీటర్లు ట్యూబులో మిగిలినా, 20 లీటర్ల వైన్‌లో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ చేరుతుందంతే. కేఎంఎస్ పొడి ఇక్కడి తేమకి గడ్డకట్టి బలం కోల్పోతుంది. చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరని డబ్బాలో పెట్టి, ఏడాది దాటితే పారేయండి. సిలికానైతే ఈ మెట్టు బదులు మరిగించినా సరిపోతుంది.

సైఫన్ మొదలెట్టడానికి నోటితో పీల్చకండి. నోట్లోని బ్యాక్టీరియా అంతా ట్యూబులోకి పోతుంది. ట్యూబు నిండా కాచి చల్లార్చిన నీళ్లు నింపి, బొటనవేలితో మూసి, కిందకి దించి వదలండి. ముందు వచ్చే నీళ్లు వేరే గిన్నెలో పట్టేయండి.

ఆరబెట్టడమే విశాఖలో పెద్ద పని. ట్యూబుని మధ్యలో పట్టుకుని డాబా మీద వడిసెలలా గట్టిగా తిప్పితే నీళ్లన్నీ రెండు చివరల్లోంచి పోతాయి. తర్వాత చుట్ట చుట్టకుండా ఒక చివర మేకుకి కట్టి నిలువుగా వేలాడదీయండి, ఎండ తగలని చోట. జూలై నుంచి అక్టోబర్ దాకా అదీ చాలదు. అక్వేరియం ఎయిర్ పంపు ఒక చివర తగిలించి గంటసేపు గాలి తోలితే పూర్తిగా ఆరుతుంది. నీళ్లు తాగిన పీవీసీ పాలరంగుకి తిరగడం మామూలే, ఆరితే మళ్లీ తేటపడుతుంది. ఆరాక కూడా మచ్చలు మిగిలితే అది బూజు. అలాంటి ట్యూబుని కడిగి లాభం లేదు, తీసేయండి.

నల్ల ద్రాక్ష, నేరేడు సిలికాన్‌కి ఊదా మరక పెడతాయి. మరక చూసి ట్యూబు మార్చక్కర్లేదు, అది రంగు మాత్రమే. పరీక్ష వాసనతో చేయాలి. ట్యూబులో ఆర్‌వో నీళ్లు నింపి, రెండు చివరలూ మూసి రాత్రంతా ఉంచి, ఉదయం గాజు గ్లాసులోకి వంచి వాసన చూడండి. పులుపు గానీ, ముక్కిపోయిన వాసన గానీ వస్తే, సిలికానైతే ఒకసారి సోడా నీళ్లతో కడిగి మరిగించి చూడొచ్చు. అప్పటికీ పోకపోతే, పీవీసీ అయితే మొదటిసారే, చెత్తబుట్టలోకి.

ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 కింద మద్యం తయారీకి లైసెన్సు కావాలి, అది చూసుకోండి. కొనేటప్పుడు 2 మీటర్లు కాకుండా రెండున్నర కోయించుకోండి, చివరలు కత్తిరించుకుంటూ పోయినా పొడవు చాలుతుంది. ప్యాకెట్ మీద ప్లాటినం క్యూర్డ్ అని లేని సిలికాన్‌కి కొత్తలో ఒక రసాయన వాసన ఉంటుంది, మరిగించి నీళ్లు మార్చి మళ్లీ మరిగించాకే వైన్‌కి వాడండి.