ఠాణా నుంచి జైలు దాకా సెక్షన్ కోడ్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

హనుమకొండ కోర్టుల్లో లీగల్ ఎయిడ్ తరఫున రిమాండ్ ఖైదీల కేసులు చూస్తాను. ఐపీసీ రోజుల నుంచి పోలీసు, కోర్టు, జైలు ఆన్‌లైన్ రికార్డులతోనే నా పని. కొత్తగా ప్రాక్టీస్‌లోకి వచ్చిన జూనియర్లు "ఆ సిస్టమ్‌ను నమ్మొచ్చా అన్నా?" అని అడుగుతుంటారు. నమ్మొచ్చు. కానీ సెక్షన్ల గడి ఒక్కటి మాత్రం ప్రతిసారీ కాగితంతో సరిచూసుకోవాలి. అది ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

ఠాణాల్లో నడిచేది సీసీటీఎన్‌ఎస్, అంటే దేశంలోని ఠాణాలను కలిపే పోలీసుల ఆన్‌లైన్ రికార్డు వ్యవస్థ. 2009లో మంజూరైంది, జాతీయ నేర రికార్డుల బ్యూరో చూసుకుంటుంది. కోర్టుల్లో సీఐఎస్, అంటే కేసుల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్, అది సుప్రీంకోర్టు ఈ-కమిటీ కింద ఉంటుంది. జైళ్లలో ఈ-ప్రిజన్స్. వీటినీ, ప్రాసిక్యూషన్, ఫోరెన్సిక్ విభాగాలనూ కలపడానికి ఐసీజేఎస్ తెచ్చారు. నాలాంటి డిఫెన్స్ లాయరుకు ఐసీజేఎస్ లాగిన్ ఉండదు. నా చేతికి వచ్చేది ఎఫ్‌ఐఆర్ కాపీ, ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్, జైలు ఇచ్చే కస్టడీ సర్టిఫికెట్. ఈ మూడింటిలో ఒకే మనిషి మీద ఒకే సెక్షన్ కనిపిస్తుందా లేదా అన్నదే నా కొలమానం.

మంచి ముందు చెప్పాలి. ప్రతి కేసుకూ ఇచ్చే సీఎన్‌ఆర్ అనే 16 అక్షరాల నంబరు నిజంగా గొప్ప సౌకర్యం. కేసు ఏ కోర్టుకు బదిలీ అయినా దాంతో దొరుకుతుంది. వాయిదా తేదీ కోసం బెంచ్ క్లర్క్ చుట్టూ తిరిగే పని తప్పింది. వరంగల్ వాళ్లకు దీని విలువ ఇంకా ఎక్కువ. సెంట్రల్ జైలు ఊళ్లోనే ఉన్నప్పుడు కోర్టు అయ్యాక ములాఖత్‌కు పోయి, ముద్దాయిని అడిగి, రికార్డు చూసి వచ్చేవాళ్లం. 2021లో ఆ జైలును కూల్చి స్థలాన్ని పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఇప్పుడు మన రిమాండ్ ఖైదీని కలవాలంటే ఖమ్మం దాకా పోవాల్సి రావొచ్చు. మనిషి దూరమయ్యేకొద్దీ తెర మీది రికార్డే ఆధారం. అందులో తప్పుంటే దాన్ని పట్టుకునేవాడు కూడా దూరంగానే ఉంటాడు.

అసలు పరీక్ష 2024 జూలై 1న వచ్చింది. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అమల్లోకి వచ్చింది. కొత్త నంబర్లు గుర్తుపెట్టుకోవడం అంత కష్టం కాలేదు. పాత నంబర్లు కొత్త అర్థాలతో తిరిగి రావడమే అసలు టెన్షన్. 302 అంటే హత్య అని పల్లెలో పిల్లవాడికి కూడా తెలుసు. బీఎన్‌ఎస్‌లో హత్యకు శిక్ష 103(1). అక్కడ 302 అంటే మతభావాలను గాయపరిచే మాటలు అనడం. పాత 309 ఆత్మహత్యాయత్నం, కొత్త 309 దోపిడీ. పాత 304 హత్య కాని నరహత్య, కొత్త 304 స్నాచింగ్. అంటే చట్టం పేరు, నేరం జరిగిన తేదీ పక్కన లేకపోతే ఉత్త సెక్షన్ నంబరుకు విలువ లేదు. ఈ-కోర్ట్స్‌లో చట్టాన్ని బట్టి కేసులు వెతికేచోట చట్టం పేరు జాబితా నుంచి ఎంచుకుంటాం, సెక్షన్ మాత్రం ఖాళీ గడిలో టైపు చేస్తాం. ఎంట్రీ చేసినవారు కామా పెట్టారా, ఖాళీ వదిలారా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం చాలాసార్లు చూశాను.

ఈ మార్పును ఎఫ్‌ఐఆర్ ఫారం బాగానే తట్టుకుంది. హనుమకొండలో చిట్టీల కేసులు మనకు కొత్త కాదు. 2022లో మొదలై 2025 దాకా డబ్బు కట్టించుకున్న కేసులో జూలై 1కి ముందు జరిగిన మోసానికి ఐపీసీ 420, తర్వాతి దానికి బీఎన్‌ఎస్ 318(4) పడాలి. ఫారంలో చట్టానికో వరుస ఉంది కాబట్టి రెండూ విడివిడిగా పడతాయి. చిక్కు రాష్ట్ర చట్టాలతో వస్తుంది. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఒక రికార్డులో ఆంధ్రప్రదేశ్ పేరుతో, ఇంకోదాంట్లో తెలంగాణ పేరుతో కనిపిస్తుంది. చట్టం ఒకటే, విభజన తర్వాత మన రాష్ట్రానికి అన్వయించుకున్నాం. కానీ యంత్రానికి అవి రెండు చట్టాలు. జిల్లా పేరుదీ అదే కథ. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది, కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. పాత కేసులో "వరంగల్" అని ఉంటే అది ఏ వరంగలో తేదీ చూస్తే తప్ప తెలియదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన కేసు. బస్టాప్ దగ్గర మెడలో గొలుసు లాగాడని ఒక కుర్రాడి మీద బీఎన్‌ఎస్ 309(4), అంటే దోపిడీ కింద ఎఫ్‌ఐఆర్ అయింది. దానికి పదేళ్ల దాకా శిక్ష. దర్యాప్తులో దెబ్బ లేదు, బెదిరింపు లేదు అని తేలి, సెక్షన్‌ను 304(2)కి మారుస్తూ పోలీసులే మెమో వేశారు. దానికి గరిష్ఠం మూడేళ్లు. చార్జిషీట్ అదే సెక్షన్‌తో వచ్చింది, ఈ-కోర్ట్స్‌లోనూ మారింది. జైలు రికార్డులో మాత్రం మొదటి రిమాండ్ వారంట్‌లోని 309(4) అలాగే ఉండిపోయింది.

దీంతో ఏమవుతుందో చూడండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 479 ప్రకారం గతంలో ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ, గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపితే బాండ్ మీద విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, వేరే కేసులు పెండింగ్‌లో ఉన్నవాళ్లకూ ఇది వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు రాసే బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టింది. ఆయన ముందున్న తెర మీద దోపిడీ ఉంటే మూడేళ్ల నాలుగు నెలలు ఆగాలి. స్నాచింగ్ ఉంటే ఏడాది చాలు. మా కుర్రాడికి ఏడాది దాటిపోయింది, వేరే కేసులూ లేవు. అయినా జిల్లా జడ్జి అధ్యక్షతన కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీకి వెళ్లిన జాబితాలో పేరు లేదు. జైలు సిబ్బందిని అడిగితే "కోర్టు నుంచి మారిన వారంట్ రావాలి సార్" అన్నారు. కోర్టులో అడిగితే "మా దగ్గర ఎప్పుడో మారింది కదా" అన్నారు. ఎవరి రూలు ప్రకారం వారు చెప్పింది సరైనదే. మధ్యలో వాళ్లమ్మ కూలి పనులు మానుకుని మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. మెమో, చార్జిషీట్ సర్టిఫైడ్ కాపీలు పెట్టి పిటిషన్ వేస్తే గానీ విడుదల కాలేదు. ఆ వారాలు అతను అనవసరంగా లోపల గడిపినవి.

నా అభ్యంతరం సాఫ్ట్‌వేర్ మీద కాదు. చట్టాలు, సెక్షన్ల పట్టిక ఎవరిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేకపోవడం మీద. పోలీసులకో పట్టిక, కోర్టుకో పట్టిక, జైలుకో పట్టిక ఉంటే మధ్యలో ఎన్ని తీగలు వేసినా తేడాలే ప్రవహిస్తాయి. పట్టికకు యజమాని ఒకరే ఉండాలి. మూడు శాఖల వాళ్లూ, డిఫెన్స్ వాళ్లూ కూర్చుని మార్పులు ఒప్పుకోవాలి. ప్రతి కోడ్‌కూ మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉండాలి. పాత కోడ్‌ను చెరపకూడదు, దాన్ని వేరే నేరానికి తిరిగి ఇవ్వకూడదు. అసలు సెక్షన్ నంబరునే కోడ్‌గా వాడటం మానేసి, జరిగిన పనికి ఒక కోడ్ ఇచ్చి దానికి చట్టం, సెక్షన్ తగిలించాలి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నేరాల అంతర్జాతీయ వర్గీకరణ అలాంటిదే. చట్టాల నంబర్లతో సంబంధం లేకుండా పనిని బట్టి 11 పెద్ద విభాగాలు చేసింది. మన దగ్గర గొలుసు లాగడం 2024కి ముందు దొంగతనంలోనో దోపిడీలోనో కలిసిపోయింది, ఇప్పుడు దానికి సొంత సెక్షన్ వచ్చింది. పని కోడ్ ఉంటే ఆ రెండు కాలాలనూ పోల్చవచ్చు.

ఇంకోటి, ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా బ్యూరో వార్షిక నివేదికలో ఒక కేసును అతి తీవ్రమైన నేరం కిందే లెక్కిస్తారు. దేశం లెక్కకు అది సరే. ఖైదీ గడువు లెక్కకు ఆ పద్ధతి పనికిరాదు, అక్కడ ఈ రోజు మిగిలి ఉన్న ప్రతి సెక్షనూ కనిపించాలి.

పాత, కొత్త సెక్షన్లు పోల్చుకోవడానికి బ్యూరో 2024లో తెచ్చిన సంకలన్ యాప్ బాగుంది, జూనియర్లందరూ ఫోన్‌లో పెట్టుకోండి. మొత్తం వ్యవస్థకు ఐదులో మూడు ఇస్తాను. జైలు రికార్డులో సెక్షన్ మారిన తేదీ, మార్చిన ఉత్తర్వు కనిపించిన రోజు నాలుగు ఇస్తాను. వ్యవస్థ నిజంగా ఒకే పట్టిక మీద నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి బీఎన్‌ఎస్ 106(2) చాలు. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై, చెప్పకుండా పారిపోయే డ్రైవర్లకు పదేళ్ల దాకా శిక్ష వేసే ఈ నిబంధన పుస్తకంలో అచ్చయింది, కానీ కేంద్రం దాన్ని అమల్లోకి తేకుండా ఆపింది. దాన్ని ఇప్పుడు ఏ ఠాణాలోనూ ఎంచుకోనివ్వకూడదు. ఎప్పుడైనా నోటిఫై చేస్తే ఠాణాలో, కోర్టులో, జైల్లో అదే రోజు తెరుచుకోవాలి.