గువ్వలచెరువు ఘాట్‌లో మన లోపలి చెవి

కడప నుంచి రాయచోటి బస్సెక్కితే లోపలి చెవికి చేతినిండా పనే.

ఘాట్ మలుపుల్ని పసిగట్టేవి మూడు అర్ధవృత్తాకార నాళాలు. తల తిరగ్గానే లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకు సన్నని రోమాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి.

సడన్ బ్రేకును, తల వాలడాన్ని చెప్పేవి మాత్రం యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు చిన్న సంచులు. వీటిలో జిగురు పొర మీద చిన్న స్ఫటికాలుంటాయి, మన కడప బండల్లో ఉండే కాల్షియం కార్బొనేటే! వాటి బరువుకు పొర జారి రోమాలను లాగుతుంది. కదలకుండా కూర్చున్నా నేల ఎటుందో ఇవి చెబుతూనే ఉంటాయి. అందుకే నాకు ఇవే గొప్పవనిపిస్తాయి.

మా జేజి మంచం మీద పక్కకు తిరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. స్ఫటికాలు ఊడి నాళాల్లో పడ్డాయట. డాక్టరు తలను ఒక వరుసలో తిప్పుతూ పడుకోబెట్టి, వాటిని వెనక్కి జార్చాక తగ్గింది.